భీమిలి సముద్రం ‘శాంతం’ అని ఫార్వర్డ్ చేస్తున్నవాళ్ళకి

ఈ నెలలో ఇది ఆరోసారి. ముందు మా కాలనీ గ్రూపులో వచ్చింది, తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, ఆ తర్వాత పెళ్ళిళ్ళలో తప్ప కనపడని బంధువుల నుంచి. ‘మన భీమిలి గురించి 99 శాతం మందికి తెలియని ఏడు నిజాలు’ అని హెడ్డింగు, పైన సూర్యోదయం ఫొటో, కింద ‘తెలుగువారైతే పదిమందికి పంపండి’. ఐదుసార్లు చూసి ఊరుకున్నాను. ఆరోసారి పంపింది హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు. దాని కింద వాడు సొంతంగా ఒక లైను రాశాడు: “అక్కా, భీమిలిలో అలలే ఉండవట కదా! పిల్లలకి ట్యూబులు కొనేశాం. దసరా సెలవులకి వస్తున్నాం, రిసార్టు బుక్ చేశాం.”

అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నేను పుట్టి పెరిగింది విశాఖ పక్కనున్న ఆ భీమిలిలోనే, అంటే భీమునిపట్నంలోనే.

మెసేజ్ చూడనివాళ్ళ కోసం ఆ ఏడు ‘నిజాలు’ ఏమిటో చెప్తాను. భీమిలి దేశంలోనే మొట్టమొదటి మున్సిపాలిటీ. భీముడు కట్టిన ఊరు. డచ్చివాళ్ళు రాకముందు ఇక్కడ ఏమీ లేదు. ఎర్రమట్టి దిబ్బలు అగ్నిపర్వతం పేలితే ఏర్పడ్డాయి. విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్నది ఆసియాలోకెల్లా పొడవైన బీచ్ రోడ్డు. ప్రపంచంలో ఒక రకం జనపనారకి భీమిలి పేరే ఉంది. ఆఖరుది: ‘కొండల అండ వల్ల ఇక్కడ తుపానులు రావు, సముద్రం చాలా శాంతం, అలలు ఉండవు, ఈత రానివాళ్ళు కూడా నిర్భయంగా దిగవచ్చు.’

మొట్టమొదటి మున్సిపాలిటీ సంగతి. మద్రాసు కార్పొరేషన్ 1688లో ఏర్పడింది. బొంబాయి, కలకత్తాలకి 1726లో వచ్చింది. భీమిలికి మనం చెప్పుకునే ఏడాది 1861. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆంధ్రలో చాలా పాత మున్సిపాలిటీల్లో మాది ఒకటి అంటే ఎవరూ కాదనరు, అంత చిన్న ఊరికి అదే గొప్ప. ఇప్పుడైతే ఆ మున్సిపాలిటీ లేనే లేదు, విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది. ఇంటి పన్ను రసీదు చూస్తే తెలుస్తుంది.

భీముడి కథతో నాకు గొడవ లేదు. బకాసురుణ్ణి చంపాక భీముడు కొండ మీద నరసింహస్వామిని నిలబెట్టాడని మా నాయనమ్మ చెప్పేది. నేనూ మా పిల్లలకి చెప్పాను. అది నమ్మకం, కథ. దాన్ని ‘చరిత్రకారులు నిరూపించారు’ అని రాయకండి, అంతే.

బీచ్ రోడ్డుని ఆసియాలోకెల్లా పొడవైనది అన్నదెవరో నాకు తెలియదు. ఒడిశాలో పూరీ నుంచి కోణార్క్ వెళ్ళే మెరైన్ డ్రైవే సుమారు 35 కిలోమీటర్లు, మనది సుమారు పాతికే. ఆసియా దాకా ఎందుకు, పక్క రాష్ట్రం దాకా వెళ్ళినా మాట నిలబడదు. మన రోడ్డు అందమైనదే. దానికి కొలతల్లో అబద్ధం అక్కర్లేదు.

డచ్చివాళ్ళ మాట మాత్రం నాకు నిజంగా బాధ కలిగించింది. మా తాతల తరం వాళ్ళని ఒలందావాళ్ళు అనేది. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చారు, కోట కట్టుకున్నారు, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. డచ్చి భాషలో చెక్కిన రాతి పలకల మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఇదంతా నిజమే. కానీ వాళ్ళు రాకముందు ఇక్కడ ఏమీ లేదనడం ఏమిటి? ఊరికి ఆనుకుని ఉన్న నరసింహస్వామి కొండ పేరే పావురాళ్ళకొండ. దాని మీద బౌద్ధ విహారాల ఆనవాళ్ళున్నాయి. విశాఖ వైపు వస్తుంటే దారిలో బావికొండ, తొట్లకొండ ఉన్నాయి. డచ్చివాళ్ళు రావడానికి పదిహేను వందల ఏళ్ళకి పైగా ముందే ఆ కొండల మీద భిక్షువులున్నారు, వానాకాలం గడపడానికి గదులున్నాయి, స్తూపాలున్నాయి. కింద సముద్రం మీద పడవల వ్యాపారం నడిచింది. తొట్లకొండ ఎక్కితే రాతిలో తొలిచిన నీటి తొట్లు కనపడతాయి. ఆ కొండకి ఆ పేరు వచ్చింది వాటివల్లే. వ్యాపారం చేసుకోవడానికి ఊరు, జనం, సరుకు ఉంటేనే కదా ఒలందావాళ్ళు ఓడ దిగింది!

ఎర్రమట్టి దిబ్బలకి, అగ్నిపర్వతానికి ఏ సంబంధమూ లేదు. అది లావా కాదు, ఇసుక. తూర్పు కనుమల రాళ్ళు అరిగి ఏళ్ళ తరబడి తీరానికి చేరిన ఇసుక. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి పోసింది. ఇసుక రేణువులకి ఇనుము తుప్పులా పట్టుకుని ఎరుపెక్కింది. తర్వాత వానలు కోసుకుంటూ పోయి ఇప్పుడు మనం చూసే లోయల్లాంటి చాళ్ళు ఏర్పడ్డాయి. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు తీరంలో, శ్రీలంకలో ఉంది, దక్షిణాసియాలో ఇంకెక్కడా పెద్దగా లేదు. అందుకే జియలాజికల్ సర్వే వాళ్ళు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. చేతిలోకి ఒక గుప్పెడు తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, అరచేతికి ఎర్రటి పొడి మాత్రం మిగులుతుంది. అంత వదులుగా ఉంటుంది కాబట్టే, చదును చేసే బండి ఒక్కరోజు తిరిగితే వేల ఏళ్ళ పని పోతుంది. లావా అనుకునేవాడికి అది గట్టి రాయి. ఎన్నిసార్లు తవ్వినా ఏమీ కాదనుకుంటాడు. అందుకే ఈ చిన్న తప్పునీ వదలలేకపోతున్నాను.

ఇక జనపనార. ఇది చదివి అబద్ధమే అనుకున్నాను, ఖండించడానికే వెతికాను. కానీ మెసేజ్‌లో ఈ ఒక్కటీ నిజం. గోంగూర జాతి మొక్క నుంచి తీసే గోగునారని వ్యాపార ప్రపంచంలో ‘బిమ్లి జూట్’, ‘బిమ్లీపట్నం జూట్’ అంటారు. బిమ్లీపట్నం అంటే మా భీమునిపట్నమే. 1933లో విశాఖ హార్బరు తెరవకముందు ఈ తీరంలో ఓడలు ఆగే ముఖ్యమైన రేవుల్లో మాది ఒకటి. ఓడలు లోతులో లంగరు వేసేవి, సరుకు పడవల మీద మోసేవారు. ఆ నార ఎగుమతి అయిన ఊరి పేరే నారకి మిగిలిపోయింది. పక్కనే చిట్టివలసలో జూట్ మిల్లు సైరను విని నేను పెరిగాను. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. అయినా గోగునారకి మా ఊరి పేరుందని ఈ మెసేజ్ రాసినవాళ్ళ వల్లే నాకు తెలిసింది. ఆ ఒక్కదానికి వాళ్ళకి కృతజ్ఞతలు.

ఇప్పుడు ఆఖరిది. తక్కినవన్నీ తప్పయినా ఎవరికీ ప్రాణం మీదికి రాదు. ఇది అలా కాదు.

తుపానులు రావట! 2014 అక్టోబరు 12 మర్చిపోయారా? హుద్‌హుద్ తీరం దాటింది ఎక్కడో కాదు, విశాఖ దగ్గరే. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. తుపాను కన్ను మన మీద నుంచి వెళ్తోందని చాలామందికి తెలియలేదు. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి మొదలైంది. మా వీధిలో ముందు విడత తట్టుకున్న చెట్లు ఆ విడతలో కూలాయి. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి మీద చెట్లు మోడులయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు. డాల్ఫిన్ నోస్ కొండ హార్బరుకి కాస్త అండ అన్నది నిజమే. అది లోపల కట్టేసిన ఓడలకి పనికొచ్చే అండ. తుపానుని ఆపే కొండ ఎక్కడా లేదు. పైగా మా తమ్ముడు వస్తానన్న దసరా నెల బంగాళాఖాతంలో తుపానుల కాలం.

ఇక ‘శాంతం, అలలు ఉండవు, నిర్భయంగా దిగవచ్చు’ అన్న మాట. ఇది రాసినవాళ్ళు ఒక్క సాయంత్రమైనా ఆ ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూశారా?

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. కాలేజీ కుర్రాళ్ళు ఐదుగురు. ఇసుక మీద చెప్పులు వరసగా పెట్టి, ఒక టీషర్టులో ఫోన్లన్నీ చుట్టి దిగారు. అటు పక్కా ఇటు పక్కా అలలు విరుగుతున్నాయి, నురగ వస్తోంది. మధ్యలో ఇరవై అడుగుల మేర అల లేదు, నీళ్ళు నున్నగా ఉన్నాయి. అక్కడైతే హాయిగా ఉంటుందని అక్కడికే వెళ్ళారు. ఐదు నిమిషాలు కాకుండానే ఒకడు మిగతావాళ్ళకి దూరమయ్యాడు. ఒడ్డు వైపే ఈదుతున్నాడు, బాగానే ఈదుతున్నాడు, కానీ వెనక్కి పోతున్నాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన కేకేసి, తాడు తీసుకుని పక్కనున్న కుర్రాడితో తెప్ప దించాడు. పిల్లాణ్ణి తెచ్చారు. నోట్లోంచి నీళ్ళు, పెదాలు నీలంగా ఉన్నాయి, బతికాడు. ఆ పెద్దాయన మా అందరి వైపు తిరిగి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: “అల ఎక్కడ ఇరగట్లేదో ఆడే లాగేస్తాది బాబూ.”

దాని వెనక సంగతి ఇది. అలలు వరసగా వచ్చి విరిగినప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళు పోగవుతాయి. అవి తిరిగి లోపలికి పోవాలి. ఒడ్డుకి కాస్త దూరంలో నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే పోగైన నీళ్ళన్నీ అక్కణ్ణుంచి కాలువలా సముద్రంలోకి పరుగెడతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, నురగ రాదు, పైకి చూస్తే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒక్కోసారి అది సెకనుకి రెండు మీటర్లకి పైగా వేగంతో లాగుతుంది. ఒలింపిక్స్‌లో ఈదేవాళ్ళు కూడా దానికి ఎదురెళ్ళలేరు. అంటే మెసేజ్ ఏ గుర్తు చూపించి ‘ఇక్కడ దిగండి’ అంటోందో, అది దిగకూడని చోటుకి గుర్తు!

భీమిలిలో దీనికి తోడు గోస్తని ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా, తాటిపూడి దాటి వచ్చి మా ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది మొగలో నీళ్ళు పల్చగా, మోకాలి లోతున్నట్టు కనిపిస్తాయి. పోటు తగ్గేటప్పుడు ఆ నీళ్ళన్నీ లోపలికే లాగుతాయి. ఇసుక మేట ఒకచోట ఉండదు. పోయినసారి మోకాలి లోతు ఉన్నచోట ఈసారి తల మునుగుతుంది. పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్న జాలరులు కూడా ముందు కర్ర దించి చూస్తారు.

“మరి రుషికొండకి బ్లూ ఫ్లాగ్ ఉంది కదా” అని గ్రూపులో ఒకాయన అడిగారు. శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకి ఇచ్చే ఆ అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన మాట నిజమే. ఆ గుర్తింపు రుషికొండలో హద్దులు పెట్టిన కొంత తీరానికే. అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారు, ఎంతవరకు దిగాలో గుర్తులుంటాయి. పాతిక కిలోమీటర్ల తీరమంతటికీ ఎవరూ జెండా ఇవ్వలేదు. రిసార్టులున్నాయి కాబట్టి భద్రం అన్నారు ఇంకొకరు. రిసార్టువాళ్ళే డబ్బు పెట్టి స్విమ్మింగ్ పూల్ ఎందుకు కట్టుకున్నారో ఆలోచించండి.

ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఈదకండి. అలసిపోయేది అందుకే, పోయేది అందుకే. అది కిందికి ముంచదు, బయటికి మోసుకుపోతుంది. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తండి, ఒడ్డుకి సమానంగా పక్కకి జరగండి. ఆ కాలువ వెడల్పు ఎక్కువ ఉండదు, దాటాక అలలే ఒడ్డుకి తెస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే నీళ్ళలోకి దూకకండి. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్ళు మా వైపు ఉన్నాయి. తాడో, ఖాళీ డబ్బానో, ఏది దొరికితే అది విసరండి, దగ్గర్లో ఉన్న జాలర్లని పిలవండి.

ఈ మెసేజ్ పంపినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఊరి మీద ప్రేమతోనే పంపారు. నాకూ ఆ ఊరంటే ప్రాణం. కానీ ఆ ఏడో పాయింటు తీసేయకుండా ఇంకొక్కరికి కూడా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే, పంపిన ప్రతి గ్రూపులోనూ తప్పని రాయండి. సిగ్గుపడాల్సిన పని కాదు అది.

తమ్ముడూ, మీరు తప్పకుండా రండి. పొద్దున్నే ఎండెక్కకముందు పిల్లల్ని దిబ్బల్లోకి తీసుకెళ్దాం, అక్కణ్ణుంచి తొట్లకొండ, సాయంత్రం ఒలందావాళ్ళ సమాధులు. సముద్రం దగ్గర చీలమండ దాటి ఒక్కరూ దిగరు, నేను వాళ్ళ చెయ్యి పట్టుకుని నిలబడతాను. ట్యూబులు మాత్రం బండిలోంచి దించొద్దు. గాలికి, లాగుడికి ముందు కొట్టుకుపోయేవి అవే. కావాలంటే రిసార్టు పూల్లో వాడుకోండి.