గ్రే స్లోన్ ఆసుపత్రిలో మనుషులను చంపేది రోగం కాదు, కాంట్రాక్టు

2025 మే నెలలో ఆపరేషన్ థియేటర్‌ను పేల్చేసి, డాక్టర్ లింక్ బతికాడో లేదో చెప్పకుండా అక్టోబరు దాకా మనల్ని వేలాడదీసిన అమెరికా ఆసుపత్రి సిరీస్ ‘గ్రేస్ అనాటమీ’ వారు, 22వ సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఎట్టకేలకు తేల్చిన సంగతి ఏమిటయ్యా అంటే, లింక్ క్షేమం, మోనికా బెల్ట్రాన్ మరణం. దీన్ని ముందే ఊహించని అభిమాని ఒక్కరైనా ఉన్నారంటే నేను నమ్మను. లింక్‌కు అప్పుడే పెళ్ళయింది, భార్య కడుపులో కవలలు ఉన్నారు, పైగా ఏళ్ళ తరబడి పాతుకుపోయిన పాత్ర. మోనికా నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల సర్జన్. ఇద్దరిలో ఎవరు పోతారో చెప్పడానికి వైద్యం చదవనక్కర్లేదు, పేర్లు పడే వరుస చూస్తే సరిపోతుంది.

నైట్ డ్యూటీ దిగి వచ్చి, సోఫాలో ఓ మూల కూలబడి, సగం నిద్రలో ఈ ఎపిసోడ్ చూసిన మా చెల్లెలు హౌస్ సర్జన్. అంతా అయ్యాక ఒకే ఒక్క మాట అడిగింది: “అక్కా, పేలింది గ్యాసా, స్క్రిప్టా?” దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనందుకే ఇంత మంట.

నేను అల్పసంతోషిని. గుండె పూర్తిగా ఆగి, మానిటర్ మీద గీత తిన్నగా అయిపోయాక షాక్ ఇచ్చి ప్రయోజనం లేదని, అప్పుడు చేయవలసింది ఛాతీని నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడమని చెల్లెలు ఎన్నిసార్లు మొత్తుకున్నా, తెర మీద డాక్టరు ఆ రెండు పలకలూ రాసుకుంటూ అరిచినప్పుడల్లా నేను నోరు మూసుకుని చూశాను. రోగి గుండె మార్పిడి జాబితాలో పైకి రావాలని డాక్టర్ ఇజ్జీ అతని గుండె యంత్రం తీగను కత్తిరించి, కొన్నాళ్ళకే మళ్ళీ తెల్లకోటు వేసుకుని డ్యూటీలో చేరితే, అమెరికాలో లైసెన్సులు అంత గట్టివి కాబోలు అనుకుని సరిపెట్టుకున్నాను. మనమేమన్నా తక్కువ తిన్నామా? గుండెజబ్బుల డాక్టరు అయి ఉండి కూడా, పిల్లలు తన బిడ్డలో కాదో తేల్చుకోవడానికి డీఎన్ఏ పరీక్ష ఒకటుందని ఏళ్ళ తరబడి గుర్తురాని డాక్టర్ బాబును ‘కార్తీక దీపం’లో నెత్తిన పెట్టుకున్న జాతి మనది. కనుక వైద్యంలో తప్పులు నాకు అభ్యంతరం కాదు.

నా అభ్యంతరమల్లా చావుల మీద. 2005 నుంచి నడుస్తున్న ఈ సిరీస్‌లో నటుడు ఉద్యోగం మానితే పాత్ర పాడె ఎక్కవలసిందే. డాక్టర్ జార్జ్‌ను బస్సు కిందికి తోశారు. లెక్సీనీ, మార్క్ స్లోన్‌నూ విమానం ఎక్కించి కూల్చారు. చాలదన్నట్టు, ఆ ప్రమాదంలో వచ్చిన నష్టపరిహారం డబ్బుతో మిగిలిన డాక్టర్లు ఆసుపత్రినే కొనుక్కుని, చనిపోయిన ఆ ఇద్దరి ఇంటిపేర్లతో గ్రే స్లోన్ అని బోర్డు తగిలించారు. తుపాకీ కాల్పులు, శరీరంలో బాంబు, వరదలు, మంటలు అన్నీ అయిపోయాయి. ఇంకా ఆ భవనంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వారికి ముందుగా తలకు పరీక్ష చేయించాలి. క్రిస్టీనా స్విట్జర్లాండ్ వెళ్ళిపోయి ప్రాణాలు దక్కించుకుంది, తెలివైన పిల్ల.

‘ద పిట్’ అనే మరో ఆసుపత్రి సిరీస్ చూశాక ఇది మరీ కొడుతోంది. పిట్స్‌బర్గ్‌లో ఒక ఎమర్జెన్సీ విభాగం, సీజన్ అంతా ఒకే ఒక్క షిఫ్టు, గంటకొక ఎపిసోడ్ చొప్పున 15 ఎపిసోడ్లు. ఎమ్మీ అవార్డు ఊరికే ఇవ్వలేదు. అక్కడ కథ నడిపించేది పైన వార్డులో మంచం ఖాళీ కాకపోవడం, బయట కుర్చీల్లో గంటలకొద్దీ కూర్చున్న జనం సహనం నశించడం. అలా కూర్చుని కూర్చుని విసిగిన ఒక మనిషి, బయట సిగరెట్ కాలుస్తున్న హెడ్ నర్సు డానా ముఖం మీద పిడికిలితో గుద్దినప్పుడు, అంతవరకూ ఆవలిస్తున్న మా చెల్లెలు లేచి కూర్చుంది. రోగి బంధువుల చేతుల్లో జూనియర్ డాక్టర్లు దెబ్బలు తినే వార్తలు మనకు కొత్త కాదు కదా. ఆ ఒక్క దెబ్బ ముందు గ్రే స్లోన్ వారి పేలుళ్ళన్నీ దీపావళి సామాను.

అయితే అసలు కడుపుమంట మోనికా గురించి కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో కథానాయిక మెరెడిత్ భర్త డెరెక్‌ను చంపిన తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. రోడ్డు మీద ప్రమాదంలో చిక్కుకున్న నలుగురిని కాపాడి, తన కారు ఎక్కి, దారికి అడ్డంగా ఆగి ఫోను కోసం వెతుక్కుంటున్న మనిషిని లారీతో గుద్దించారు, సరే. తీసుకెళ్ళిన ఆసుపత్రిలో తలకు సీటీ స్కాన్ తీయలేదు! దేశంలోకెల్లా పేరున్న మెదడు సర్జన్ బల్ల మీద నోట మాట రాక పడి ఉండి, తనకు సీటీ తీయాలని మనసులో మొత్తుకుంటుంటే, తీద్దామని అడిగిన జూనియర్ పెన్నీ మాటను పైడాక్టరు కొట్టిపారేశాడు. కంటిపాప పెద్దదయ్యాక గానీ ఎవరికీ తల గుర్తుకు రాలేదు. పిలిపించిన న్యూరోసర్జన్ వచ్చేసరికి అంతా అయిపోయింది. మందు లేని రోగమైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. జిల్లా కేంద్రంలోని స్కానింగ్ సెంటర్‌లో కూడా దొరికే పరీక్ష అది.

పోనీ అక్కడితో ఆపారా? మరుసటి సీజన్‌లో ఆ పెన్నీని మెరెడిత్ ఇంట్లో విందుకు, భర్త పోయిన ఆవిడ వడ్డించే బల్ల దగ్గరికి, తోటి డాక్టరు కాలీ ప్రియురాలిగా తెచ్చి కూర్చోబెట్టారు. ఆ మీదట అదే ఆసుపత్రిలో ఉద్యోగం ఇచ్చి, మెరెడిత్ చేతే పాఠాలు చెప్పించి, చివరికి పరిశోధనకు గ్రాంటు కూడా చేతిలో పెట్టి న్యూయార్క్ సాగనంపారు. ఆ రోజు సీటీ వద్దన్న పైడాక్టరునైతే 16వ సీజన్‌లో ఏకంగా మెరెడిత్ లైసెన్సు మీద విచారణ జరిపే బల్ల వెనక కూర్చోబెట్టారు.