సవరణ: హారన్ బటన్‌కు బ్యాటరీ వైరు లాగకండి

పాత కారు హారన్ మోగకపోతే స్టీరింగ్ బటన్‌కు బ్యాటరీ ప్లస్ నుంచి కొత్త వైరు లాగమని ముందు పోస్టులో ఉంది. దయచేసి అలా చేయకండి. పాత కార్లలో చాలావాటిలో బటన్ చేసేది ఎర్త్ (బ్యాటరీ రెండో కొనకు కలిసిన కారు బాడీ) కలపడమే. అక్కడికి నేరుగా ప్లస్ తెస్తే, నొక్కగానే షార్టయి వైరు కాలిపోవచ్చు.

రెండు టెర్మినళ్ల హారన్ అయితే, ముందు టెస్ట్ ల్యాంపుతో దానికి కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే, బటన్ వైపు వైరు విప్పి, ఆ టెర్మినల్‌ను ముక్క వైరుతో ఎర్త్‌కు తాకించండి. మోగితే లోపం స్టీరింగ్ వైపే. స్టీరింగ్ రాడ్డులో రబ్బరు కప్లింగ్ ఉంటే, దాని మీదుగా వెళ్లే ఎర్త్ వైరు తెగిందేమో తప్పక చూడాలి. ఒకే టెర్మినల్ ఉన్న హారన్‌కు ఈ పరీక్ష వద్దు, దాని బాడీయే ఎర్త్.

1960ల మధ్య వరకు వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో ప్లస్సే ఎర్త్. వాటికి పైన చెప్పిన ప్లస్‌ను మైనస్‌గా తీసుకోండి.