ఏబీ స్విచ్ దించి నీళ్లు కొట్టమన్న మహానుభావుడెవరప్పా?

పూతలపట్టు నుంచి పలమనేరు దాకా ఏ రైతు గ్రూపు తెరిచినా అదే మెసేజ్. మామిడి తోటల గ్రూపులో పొద్దున ఒకరు పెడితే సాయంత్రం ఇంకొకరు పెడుతున్నారు. అందులో ఉన్నదిది: ఎండకు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ మరిగి బుడగలొచ్చి పేలుతుంది, మోత పెరిగితే బుడగలు మొదలైనట్టే, ఆయిల్ తగ్గితే మనమే పోసుకోవచ్చు, ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కరెంటును ఆపే స్తంభం మీది స్విచ్) దించి చల్లటి నీళ్లు కొడితే బుడగలు అణుగుతాయి, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు తీసేయాలి.

మోత లోపలున్న ఇనుప రేకుల కోర్‌ది. బుడగలది కాదు. అయిపోయింది.

ఆ ఆయిల్ మరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. బుడగలు వచ్చే మాట నిజమే, కానీ అవి వైండింగ్‌కు, అంటే లోపలి తీగ చుట్లకు, చుట్టిన కాగితంలోంచి వస్తాయి. లోపలున్న చెమ్మలో దాదాపు అంతా ఆ కాగితమే దాచుకుంటుంది. చెమ్మ 2 శాతం ఉన్న కాగితం ఓవర్‌లోడ్‌తో 140 డిగ్రీల దగ్గరికి చేరితే ఆవిరి బుడగగా బయటపడుతుంది. బాగా ఆరిన కాగితమైతే అంతకన్నా చాలా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. ఆయిల్ ఆపగలిగినంత వోల్టేజీని బుడగ ఆపలేదు, పైగా వోల్టేజీ ఒత్తిడి దాని మీదే ఎక్కువ పడుతుంది. అందులో చిన్న చిన్న స్పార్కులు మొదలై కాగితం మాడుతుంది. ఆ తర్వాత షార్టే.

మరి బకెట్‌తో ఆయిల్ పోస్తే? గాలిలో తేమ కూడా లోపలికి పోతుంది. లక్ష పాళ్ల ఆయిల్‌లో నాలుగైదు పాళ్ల నీళ్లు చాలు, వోల్టేజీని ఆపే దాని బలం పడిపోవడానికి. బుడగలు ఆపుదామని చెమ్మ పోస్తున్నారు, భేష్.

ఇక నీళ్లు కొట్టే వైద్యం. వేడి ఆయిల్ కాగితంలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఉన్నట్టుండి చల్లబడితే కాగితం దాన్ని అంత త్వరగా వెనక్కి తీసుకోదు, ఆయిల్‌లోనే నీటి బొట్లు తేలుతాయి. కరెంటు తీగ ట్యాంకులోకి దిగే చోట ఉండే పింగాణీ బుషింగ్ కాగి ఉన్నప్పుడు దాని మీద చల్లనీళ్లు పడితే పగలొచ్చు. పోనీ, ట్రాన్స్‌ఫార్మర్ పోతే పోనీయండి. మనిషి సంగతేంటి? ఏబీ స్విచ్ దించినా దాని పైభాగంలో 11 వేల వోల్టులు అలాగే ఉంటాయి. మూడు బ్లేడుల్లో ఒకటి సరిగా విడకపోయినా కింద నిలబడినవాడికి తెలీదు. ఎవరో జనరేటర్ వేస్తే కింది లైన్లోంచి కరెంటు వెనక్కి వస్తుంది. అప్పుడు చేతిలో ఏముంది? నీళ్ల పైపు! ఇది రాసినాయన తనే వెళ్లి ముందు కొట్టి చూపించాడా? లైన్‌మన్ ఫోనెత్తకపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చేయండి. రెండు తడులు ఆలస్యమైతే తోతాపురి ఎండిపోదు.

ఆటో స్టార్టర్ల మాట మాత్రం అక్షరాలా నిజం, నేను ఒప్పుకుంటున్నా. కరెంటు రాగానే బోరు మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఆ క్షణంలో కరెంటు మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతాయి. వంతులేసుకుని ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటే, మోటారుకు కెపాసిటర్ పెట్టుకుంటే వైండింగ్ అంత కాగదు. ఆ ఒక్క లైను ఉంచి మిగతాదంతా చెరిపేసి పంపండి, నేనూ నాలుగు గ్రూపుల్లో పెడతా.