అద్దె చట్టం మీ ఇంటికి వర్తిస్తుందా? ముందు 3,500 అంకె చూడండి

ఓనర్ ఒకేసారి మూడు వేలు పెంచాడంటే మనోళ్లు ముందు అనే మాట "రెంట్ కంట్రోల్ ఉంది కదా, కేసేద్దాం" అని. వేసే ముందు మీ ఇల్లు ఆ చట్టం కిందకి వస్తుందో లేదో చూసుకోండి, హైదరాబాద్‌లో అయితే దాదాపు రాదు.

1960 నాటి చట్టమే తెలంగాణలో నడుస్తోంది. అందులో 32వ సెక్షన్ చదివితే చాలు. బిల్డింగ్ కట్టి 15 ఏళ్లు దాటకపోతే వర్తించదు. అది దాటినా కార్పొరేషన్ ఏరియాలో నెల అద్దె 3,500 మించితే వర్తించదు, మిగతా ఊళ్లలో 2,000. ఈ అంకెలు 2005లో రాసినవి! ఇవాళ అమీర్‌పేటలో 3,500కి హాస్టల్లో షేరింగ్ బెడ్ దొరకడమే కష్టం. అంటే చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, అసెంబ్లీలో చర్చ లేదు, అద్దెలు పెరిగేకొద్దీ ఒక్కో ఇల్లూ దాని చేతిలోంచి జారిపోయింది. ఇక మీకు మిగిలేది కిరాయి ఒప్పందాలకి మామూలుగా వర్తించే ఆస్తి బదిలీ చట్టం, 11 నెలల అగ్రిమెంటు, అది అయిపోయాక ఖాళీ చెయ్యమని 15 రోజుల నోటీసు.

పాత కిరాయిదార్లు వందల్లో అద్దె కడుతూ దశాబ్దాలు కదలరని ఓనర్లు అంటారు, నిజమే. దానికి న్యాయమైన అద్దె తేల్చే దారి అదే చట్టంలో ఉంది, జనాన్నంతా బయటికి నెట్టక్కర్లేదు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకోటి. ఇదే 32వ సెక్షన్‌లో ఒకప్పుడు 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవాటన్నిటికీ మినహాయింపు ఉండేది, ఒకప్పుడు సబబైనదే కాలం గడిచేసరికి వివక్ష అయిందని 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కదలని తేదీ తప్పయినప్పుడు కదలని అంకె ఎలా ఒప్పవుతుంది?

మన పిల్లలు బోలెడంతమంది ఉండే కాలిఫోర్నియాలోనూ 15 ఏళ్లు దాటని బిల్డింగులకి మినహాయింపుంది, కానీ అక్కడ ఏడాదికి పెంచే అద్దె 5 శాతం ప్లస్ ధరల పెరుగుదల, ఎంతైనా 10 శాతం దాటకూడదు. ధరలతో పాటు పరిమితీ కదులుతుంది. ఇక్కడ సెంట్రల్ ఉద్యోగుల డీఏని ధరల సూచీ చూసి ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు, అదే ఈపీఎఫ్ కనీస పెన్షన్ 2014లో 1,000 అని రాసి వదిలేశారు, ఆ వెయ్యితో బతకాల్సిన పెద్దాయనే చాలా చోట్ల 3,500 దాటిన కిరాయింట్లో కూడా ఉంటున్నాడు.