సవరణ: 45 దాటాక ఎక్కువ బ్లీడింగ్ గురించి

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో ఒక మాట తప్పు రాశాను. "45 దాటినాక నెలసరి పది పదిహేను రోజులు కావడం మామూలే, ముట్లుడిగే ముందు అందరికీ అంతే, ఓర్చుకుంటే అదే ఆగుతుంది" అన్నాను. ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్నది, అడిగి తెలుసుకోకుండా రాసేశాను. పొరపాటు నాదే.

నల్గొండలో ఒక గైనిక్ డాక్టరమ్మను అడిగాను. ఆ వయసులో నెలసరి ముందూ వెనకా కావడం మామూలేనట. కానీ ఏడు రోజులు దాటినా, గంటకో ప్యాడ్ తడిసినా, పెద్ద రక్తపు గడ్డలు పడినా చూపించుకోవాలి. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు), పాలిప్స్ (లోపలి పొర మీద మొలిచే చిన్న కండలు), థైరాయిడ్ సమస్య, ఎప్పుడో ఒకరికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ కూడా కారణం కావచ్చు. ఏడాదిపాటు ఆగిపోయి మళ్లీ చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందే.

మా చిన్నమ్మ మిర్యాలగూడ దగ్గర నాట్లకు పోతూ పూటకు నాలుగు గుడ్డలు మార్చేది, కొంగు వెనక్కి తిప్పి నడుముకు చుట్టుకుని. ఎవరికీ చెప్పలేదు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. ఉండాల్సింది కనీసం 12.

ఇంకొకటి. ఆ పోస్టులో నేను "ఆపరేషన్" అని రాసింది చూసి, గర్భసంచి తీయించుకోవడమే దారి అని కొందరు అనుకున్నారు. కాదు. బ్లీడింగ్ తగ్గించడానికి ఆ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు, డాక్టరు గర్భసంచిలో పెట్టే హార్మోన్ ఉండే లూప్ లాంటివి చాలామందికి ముందు చూసేవి. ఆ మాత్రలు కూడా సొంతంగా కొనొద్దు, రక్తనాళాల్లో గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు పడవు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.