32 అన్న పిల్లది తప్పెలా అవుతుంది?

1, 2, 4, 8, 16... తర్వాత ఎంత? మూడో క్లాసు పిల్లనడిగినా టక్కున 32 అనేస్తుంది, ప్రతిసారీ డబుల్ అవుతోంది కదా. కానీ ఇవే నంబర్లతో మొదలై 31 ఆన్సర్‌గా వచ్చే పజిల్ ఒకటుంది, మోజర్ సర్కిల్ ప్రాబ్లమ్ అంటారు. పిల్ల "ఎందుకు?" అనడిగితే చాలామంది పెద్దోళ్లు "అదంతే, గుర్తుపెట్టుకో" అనేసి వదిలేస్తారు. నా గొడవంతా ఆ మాటతోనే.

మా పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఇంకో చిక్కు. స్కూల్లో లెక్కలు ఒడియాలో, ఇంట్లో అమ్మ చెప్పేది తెలుగులో, ట్యూషన్ బుక్ ఇంగ్లీషులో, ఇక లాజిక్ దాకా వెళ్లకముందే మాటల దగ్గరే పిల్ల ఆగిపోతుంది. అందుకే నోటితో చెప్పకండి, నేల మీద గీసి చూపించండి.

సుద్దముక్కతో పెద్ద సున్నా చుట్టి, అంచు మీద చింతపిక్కలు పెట్టి, ప్రతి పిక్క నుంచీ మిగతా అన్నిటికీ తిన్నగా గీతలు గీసి లోపల ఎన్ని గదులయ్యాయో లెక్కపెట్టాలి. ఒక పిక్కకి 1, రెండిటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఇక్కడిదాకా పిల్ల మంచి ధీమా మీద ఉంటుంది. ఆరోది పెడితే 31. గదికో పిక్క వేస్తూ లెక్కపెట్టమనండి, లేకపోతే ఒకే గదిని రెండుసార్లు లెక్కపెట్టేస్తారు. బాగా పొందికగా గీసే పిల్లకి 30 వస్తాయి, అదీ తప్పు కాదు, పిక్కలు సమాన దూరంలో ఉంటే మూడు పెద్ద గీతలు నడిమధ్య ఒకేచోట కలిసిపోయి అక్కడ ఉండాల్సిన చిన్న త్రికోణం గది పోతుంది. కసరకండి, ఒక పిక్కని కొంచెం పక్కకి జరపండి చాలు.

ఇప్పుడు అసలు ఎందుకు. కొత్త గీత గీస్తే ఒక గది పెరుగుతుంది, దారిలో అది ఎన్ని పాత గీతల్ని దాటితే ఇంకా అన్ని గదులు ఎక్కువ వస్తాయి. అయిదో పిక్క నుంచి 4 గీతలు, అవి 4 చోట్ల దాటుతాయి, 8 పెరిగి 16. ఆరో పిక్క నుంచి 5 గీతలు, 10 చోట్ల దాటుతాయి, 15 పెరిగి 31. డబుల్ కావాలంటే 16 పెరగాలి, ఒకటి తక్కువైంది, అంతే. ఎనిమిదేళ్ల పిల్లకి ఫార్ములా అక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు.

32 అన్న పిల్ల కూడా ఒక రూల్ కనిపెట్టింది, ఇచ్చిన అయిదు నంబర్లకీ అది సరిపోయింది కూడా, నంబర్లు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పకుండా ఆన్సర్ కీ చూసి రాంగ్ కొట్టడం అన్యాయం. ఎంట్రన్స్ పేపర్లో బొమ్మ లేకుండా ఉత్త సిరీస్ వస్తే 32 పెట్టమనే చెప్పండి. ఇంట్లో మాత్రం ఏడో పిక్క తీసి ముందు అంచనా అడగండి, ఎందుకలా అనుకుందో చెప్పనివ్వండి, తర్వాత గీయనివ్వండి. 6 గీతలు, 20 చోట్ల దాటుతాయి, 57 గదులు. ఈసారి పిక్కలు సమాన దూరంలో పెట్టినా పర్లేదు, ఏడింటికి మూడు గీతలు లోపల ఒకేచోట కలవవు.