లిస్బన్ వెళ్తే ఈ దుకాణాల్లో ఏదో ఒకటి కొనండి, ఊరికే ఫొటో తీసుకుని వచ్చేయకండి

యూరప్ టూర్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోలు చూస్తే నాకు ఒక్కటే బాధ. ఈఫిల్ టవర్ ఉంటుంది, పీసా టవర్‌ని చేత్తో ఆపుతున్న ఫొటో ఉంటుంది. ఆ ఊరి జనం ఏం కొనుక్కుంటారు, ఎవరి దగ్గర కొనుక్కుంటారు అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. ఒకే రకం వస్తువు అమ్ముతూ తరతరాలుగా నిలబడ్డ చిన్న దుకాణాలు అక్కడ ఇంకా ఉన్నాయి. నా మటుకు నాకు చర్చిల కంటే అవే ముందు చూడాల్సినవి.

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌నే తీసుకోండి. రువా దో కార్మో అనే వీధిలో లువారియా ఉలిసెస్ అని గ్లవ్స్ షాపు ఉంది, 1925లో పెట్టింది. ఇద్దరు లోపలికెళ్తే మూడో మనిషి బయట ఆగాల్సిందే. కౌంటర్ మీద చిన్న దిండు ఉంటుంది, దానిమీద మోచెయ్యి ఆనించమంటారు. చెక్క పటకారుతో గ్లవ్ వేళ్లు వెడల్పు చేసి, లోపల కాస్త పౌడర్ చల్లి, ఒక్కో వేలూ సర్దుతూ మెల్లగా కిందికి లాగుతారు. అచ్చం మనకి గాజులావిడ చెయ్యి నొక్కిపట్టి, నొప్పి తెలియకుండా గాజులెక్కించినట్టు. మాల్‌లో ఎంత డబ్బు పోసినా ఆ ఓపిక దొరకదు.

కొవ్వొత్తులమ్మే కాజా దాస్ వెల్లాస్ లొరెటు 1789 నాటిది. ప్రాసా ద ఫిగేరా అనే కూడలిలో బొమ్మల ఆసుపత్రి ఉంది, 1830 నుంచీ విరిగిన బొమ్మల్ని బాగు చేస్తున్నారు. సొరుగుల నిండా చేతులు, కాళ్లు, కళ్లు! డబ్బా చేపలమ్మే కన్సెర్వేరా ద లిజ్‌బోవాలో కొన్న డబ్బాల్ని ఇప్పటికీ కాగితంలో చుట్టి, దారం కట్టిస్తారు.

ఇలాంటివి ఎన్ని మూతపడ్డాయో తలుచుకుంటే కడుపు మండుతుంది. దశాబ్దాలుగా పెరగకుండా ఉన్న పాత అద్దెల్ని పెంచుకోవడానికి 2012 చట్టం దారి తెరిచింది. టూరిస్టులు పోటెత్తడంతో పాత భవనాలు హోటళ్లయ్యాయి, పాత షాపుల చోట ఫ్రిజ్ మాగ్నెట్ల కొట్లు వెలిశాయి. 2015లో నగరపాలిక ఇలాంటి పాత దుకాణాలకు గుర్తింపు, సాయం ఇచ్చే పథకం తెచ్చింది. మంచి పనే. కానీ గుర్తింపు ఇచ్చినంత మాత్రాన నెలనెలా అద్దె వెళ్లదు కదా, అమ్మకాలుండాలి. గుమ్మంలో నిలబడి రీల్ తీసుకుని, లోపలున్న మనిషిని పలకరించకుండా వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అది వాళ్ల బతుకుతెరువండీ, మన ఫొటోల కోసం వేసిన సెట్టింగ్ కాదు.

గ్లవ్స్ ఖరీదనిపిస్తే కొవ్వొత్తి కొనండి. అడుగుపెట్టగానే "బోం దియా" (అంటే గుడ్ మార్నింగ్) అనండి, ముందున్న కస్టమర్ పని అయ్యేదాకా ఆగండి, ఫొటోకి అడిగి తీసుకోండి. ఇలాంటి షాపులు చాలావరకు ఆదివారం మూసే ఉంటాయి కాబట్టి, టికెట్లు బుక్ చేసేటప్పుడే లిస్బన్‌కి వారం మధ్యలో ఒక పూట ఖాళీగా ఉంచుకోండి.